అయిపోయినవాటి సంచీలో నా ఫొటో

ఈ రోజు పొద్దున మా అమ్మాయి స్నానం చేస్తుండగా, హాల్లో గోడకున్న బోర్డు మీది నుంచి మెట్రో రైలు బొమ్మ తీసి నా లాప్‌టాప్ బ్యాగులో దాచాను. దాని చోట టీవీ బొమ్మ అంటించాను. తప్పు చేసేటప్పుడు గుండె దడదడలాడుతుందంటారు. నాకు అదీ లేదు. వెళ్ళి కాఫీ తాగాను.

చిన్న అట్టముక్క తీస్తే అంత తప్పేమిటంటారేమో. ఆ బోర్డు సంగతి చెప్పాలి.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఆటిజం ఉంది. రోజు ఎలా గడవబోతుందో ముందుగా కంటికి కనబడకపోతే ఆమెకు కాళ్ళ కింద నేల ఉన్నట్టుండదు. అందుకే ఫ్రిజ్ పక్కన ఆ బోర్డు. దాని మీద పైనుంచి కిందికి బొమ్మలు: పళ్ళు తోముకోవడం, స్నానం, ఇడ్లీ, బడి, ఊయల. ప్రతి బొమ్మ పక్కన ఒక మనిషి ఫొటో. ఊయల పక్కన అమ్మమ్మ ఉంటే అమ్మమ్మే తీసుకెళ్ళాలి, ఇంకెవరు పిలిచినా కదలదు. ఆ పని కాగానే బొమ్మను తనే పీకి, బోర్డు కింద వేలాడే గుడ్డసంచీలో వేసి, "అయిపోయింది" అంటుంది. ఆ అమ్మమ్మ, అంటే మా అత్తమ్మ, తన పాత చీర కొంగుతో కుట్టిన సంచీ అది. అందులో పడ్డదాన్ని మళ్ళీ బయటికి తీసే హక్కు ఇంట్లో మా అమ్మాయికి ఒక్కదానికే ఉంది.

బోర్డు మీద వాడడానికి వాళ్ళమ్మ ఫొటోలు నాలుగున్నాయి. అమ్మమ్మవి ఐదు. నాది ఒకటే. వారానికి ఒక్కసారే అవసరపడుతుంది కాబట్టి రెండోది ప్రింటు తీయించలేదు. ఆదివారం పదిన్నరకు మెట్రో, పక్కన నేను. మియాపూర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం దాకా పోయి రావడం. రెండేళ్ళుగా ఇదే.

ఈ ఆదివారం ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజు తెగక, పది గంటలకు అందరూ కాల్‌లో ఉండాలని మెసేజ్ వచ్చింది. మా ఆవిడ నర్సు, దవాఖానలో ఆమెకు పగటి డ్యూటీ. అమ్మాయికి చెబితే ఏడుస్తుందేమో, ఆ ఏడుపు కాల్‌లో వినబడుతుందేమో అని భయపడ్డాను. అందుకని బొమ్మ మార్చాను. తొందరలో నా ఫొటోను అలాగే వదిలేశాను. అంటే బోర్డు ఏం చెప్పిందంటే: పదిన్నరకు టీవీ, నాన్నతో.

కొత్తగూడలో మా అమ్మాయికి నేర్పే మేడం మొదటి రోజే చెప్పింది. "మనుషులు అబద్ధం చెప్పినా తట్టుకుంటుందేమో గానీండి, బోర్డు చెబితే తట్టుకోలేదండి. ఏదైనా మారితే పాప కళ్ళ ముందే మార్చండి. పసుపురంగు అట్ట ఒకటి చేసి, మారిన చోట పెట్టండి. అది చూస్తే తనకు అర్థమవుతుంది." ఆ పసుపు అట్ట చేస్తానని ఎనిమిది నెలలుగా చెబుతూనే ఉన్నాను. పసుపు చార్టు కొన్నాను కూడా. చుట్టిన చుట్ట విప్పలేదు.

ఆఫీసులో నా ఉద్యోగమే మార్పులు చూడడం. నడుస్తున్న సిస్టంలో ఒక్క లైను కోడ్ మార్చాలన్నా, దాని వల్ల ఎవరెవరికి ఇబ్బందో రాసి, వాళ్ళందరికీ ముందే చెప్పి, వాళ్ళు సరేనన్నాకే ముట్టుకుంటాం. చెప్పకుండా మార్చిన కుర్రవాడిని ఒకడిని నేనే నలుగురిలో నిలబెట్టి తిట్టాను. ఇంట్లో ఒక్క మనిషికి చెప్పాల్సి ఉంటే, ఆ మనిషి స్నానం చేసే సమయం చూసుకున్నాను.

స్నానం చేసి వచ్చి మా అమ్మాయి బోర్డు ముందు నిలబడింది. తల ఒక పక్కకు వంచి చూసింది. ఇంకోసారి చూసింది. ఏడవలేదు. వెళ్ళి సోఫా మీద ఒక చివర కూర్చుంది. పక్కన నాకు జాగా వదిలింది. నేను గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

టీవీలో మా అత్తమ్మ చూసే సీరియల్ వస్తోంది. వారమంతా సాయంత్రం ఏడున్నరకు వచ్చిన భాగాలన్నీ కలిపి ఆదివారం పొద్దున మళ్ళీ వేస్తారు. అందులోనూ ఒక ఆటిజం పిల్లవాడున్నాడు. వాడి సంగతి తెలియగానే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి క్షమించమంటున్నాడు. తల్లి తలుపు తీయదు. మూడు నెలలుగా వాన కురుస్తూనే ఉంది, ఆయన తడుస్తూనే ఉన్నాడు.

ఆ కథ మా అమ్మాయికి పట్టదు. మాటలు మాత్రం పట్టుకుంటుంది. ఆకలేస్తే, "అతిథులు వచ్చేశారు" అంటుంది, సీరియల్లో ఆ మాట తర్వాత విస్తళ్ళు వేశారు కాబట్టి. కుక్కరు కూత వేస్తే చాలు, "ఆపండి! ఈ పెళ్ళి జరగదు!" అని గర్జిస్తుంది, అచ్చు ఆ విలన్ గొంతుతోనే. మా అత్తమ్మ వంటింట్లోంచి, "ఆపుతున్న తల్లీ, ఆపుతున్న, ఇంక రెండు కూతలే" అని జవాబిస్తుంది. వాళ్ళిద్దరికీ అది మామూలు సంభాషణ.

పదకొండు దాటాక గది తలుపు తెరుచుకుంది. అమ్మాయి చేతిలో మెట్రో బొమ్మ ఉంది. ఆఫీసు ఐడీ కార్డు తాడు వేళ్ళకు చుట్టుకోవడం ఆమెకిష్టం, దానికోసం నా బ్యాగు వెతికినట్టుంది. బొమ్మ తెచ్చి కీబోర్డు మీద పెట్టింది. కాల్‌లో తొమ్మిదిమంది. నేను మైకు ఆపి, గొంతు తగ్గించి అన్నాను:

"ఈ పొద్దు మెట్రో బంద్ తల్లీ. రైళ్ళు లేవు."

ఆమె నా వైపు చూడలేదు. గది పక్కనే బాల్కనీ. అక్కడికి పోయి కమ్మీ మీద అరచేయి ఆనించింది. రైలు కనబడక ముందే కమ్మీ సన్నగా వణుకుతుందట. ఆ వణుకు నాకు ఎన్నడూ తెలియలేదు, ఆమెకు తెలుస్తుంది. కొన్ని క్షణాలకు దూరంగా పట్టాల వంతెన మీద రైలు వచ్చింది, పోయింది. ఆమె ఆ రైలును చివరి పెట్టె దాకా చూసి, హాల్లోకి వెళ్ళింది. చర్రుమని ఏదో పీకిన చప్పుడైంది. నేను తలుపు సందులోంచి చూశాను. బోర్డు మీది నా ఫొటో పీకి, సంచీలో వేసింది.

"అయిపోయింది," అంది.

అరిచి, తల గోడకేసి కొట్టుకున్న రోజులు చూశాను. ఈ నిదానం ముందు వాటిని తట్టుకోవడమే సులువనిపించింది. అయినా, ఇది కూడా రాయాలి: నేను మళ్ళీ కాల్‌లోకి వెళ్ళి గంటన్నర కూర్చున్నాను.

బయటికొచ్చేసరికి సీరియల్ ఇంకా నడుస్తోంది. తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించాడు. వయొలిన్లు మొదలయ్యాయి. అత్తమ్మ సోఫాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ అంది:

"మొదలువెట్టిండు. ఇగ మూడు రోజులు ఏడుస్తడు. గీ వారం గడిచినట్టే."

"అత్తమ్మా, పాప తిన్నదా?"

"తిన్నది. నువ్వేం జేసినవ్ దాన్ని?"

చెప్పాను. ఆమె చిక్కుడుకాయ పట్టుకున్న చేయి ఆగింది. టీవీ వైపు గడ్డం చూపించింది.

"గాయన జూడు. ఇల్లిడిసి పోయిండని మూడు నెలల సంది తిడుతున్న. నువ్వు గంత కష్టం గూడ పడలే బిడ్డా. ఇంట్లనే ఉండి ఇడిసిపోయినవ్."

అది ఈ ఒక్క పూట సంగతి కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మాయికి మూడేళ్ళప్పుడు డాక్టరు ఆటిజమని పేరు పెట్టి చెబితే, కడపలో మావాళ్ళకు రెండేళ్ళ పాటు చెప్పనివ్వలేదు. చెల్లెలి పెళ్ళికి అమ్మాయిని తీసుకెళ్ళకుండా జ్వరమని చెప్పాను. లేని జ్వరం పేరు చెప్పి కన్నకూతురిని దాచినవాడికి, ఒక బొమ్మ దాచడం ఎంతసేపు?

మా ఆవిడకు ఫోన్ చేశాను.

"మెట్రో బొమ్మ నేనే తీసినా. అబద్ధం కూడా చెప్పినా."

"నాకెందుకు చెప్తున్నవ్? దానికి చెప్పు."

"దానికి ఎట్లా చెప్పేది?"

"మాటలతోని కాదు," అని పెట్టేసింది. వార్డులో ఎవరో పిలిచినట్టున్నారు.

నాలుగు గంటలకు అమ్మాయి నా గదిలోకొచ్చి, కీబోర్డు మీది మెట్రో బొమ్మ తీసుకుపోయింది. బోర్డు మీద పెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. దాని పక్కన అమ్మమ్మ ఫొటో పెట్టింది. గట్టిగా అదిమింది.

"నేనా?" అంది అత్తమ్మ లేచి నిలబడి. "ఓయమ్మో! గా నడిచే మెట్లంటే నా పానం పోతది. ఇంత బతుకు బతికి మెట్ల మీద సావాల్నా?"

అమ్మాయి అప్పటికే అమ్మమ్మ చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ ముందు వరసగా పెట్టింది.

"నువ్వు రావా బిడ్డా?" అంది అత్తమ్మ నాతో.

"బోర్డు మీద నేను లేను కదా. వెనకాల వస్తా. నన్ను పలకరించొద్దు."

"గదేం కథ! సొంత అల్లుని తెల్వనోని లెక్క జూడాల్నా? సీరియల్ల గూడ లేదు గిట్ల."

అలా పది అడుగుల దూరంలో వెనకాల నడిచాను. రైల్లో వాళ్ళిద్దరూ ఆడవాళ్ళకు వదిలిన చోటికి వెళ్ళారు. నేను ఇవతల కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ జేబులోనే ఉంచాను. అప్పుడు చూశాను మా అమ్మాయిని. రెండేళ్ళలో మొదటిసారి.

ఆమె పెదవులు కదులుతున్నాయి. రైల్లో స్టేషన్లు చెప్పే గొంతు పలకడానికి ఒక్క క్షణం ముందు, ఆమె పెదవుల మీద ఆ మాటలు వచ్చేస్తున్నాయి: వచ్చే స్టేషను పేరు, తలుపులు తెరుచుకునే పక్క, తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో. రైలు వంపు తిరగక ముందే ఆమె ఒళ్ళు ఆ వైపు ఒరుగుతోంది. తాను ఒరిగే ముందు అమ్మమ్మ మోచేతిని పట్టుకుంటోంది. కూకట్‌పల్లిలో ఒక చంటిపిల్ల గట్టిగా ఏడ్చింది. గట్టి శబ్దం ఆమె చెవుల్లో ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. రెండు చెవులూ మూసుకుంది, కళ్ళు గట్టిగా మూసుకుంది. కాని ఆ మూసుకున్న చేతుల మోచేయి ఒకటి అమ్మమ్మ భుజానికి ఆనించే ఉంచింది. పక్కనున్నావిడ "పాపకేమైంది?" అనడిగితే, మా అత్తమ్మ, "ఏం గాలేదమ్మా, మనకన్న ఎక్కువ ఇనవడ్తది దానికి," అంది.

ఇన్నాళ్ళూ ఈ ప్రయాణంలో ఆమె పక్కన నిలబడి నేను ఫోనులో మెయిళ్ళు చూసుకునేవాడిని. నేను ఆమెను తిప్పి తీసుకొస్తున్నాననుకునేవాడిని. ఇంటికి వచ్చి మా ఆవిడతో, "ఏముంది, కూర్చుంటుంది, వస్తుంది," అనేవాడిని. వారం వారం నా పక్కన ఇంత జరుగుతుంటే నాకు కనబడనే లేదు.

అమీర్‌పేటలో దిగి, పై ప్లాట్‌ఫారానికి ఎక్కాలి. ఎస్కలేటర్ ముందు అత్తమ్మ కాళ్ళు ఆగిపోయాయి. చీర కుచ్చెళ్ళు గుప్పిట్లో పట్టుకుని, "వద్దు బిడ్డా, నేనీడనే కూసుంట," అంటోంది. వెనక జనం పోగవుతున్నారు. నేను ముందుకు పోబోయి, ఆగాను. నా ఫొటో సంచీలో ఉంది.

మా అమ్మాయి అమ్మమ్మ చేయి పట్టుకుంది. కదిలి పైకి పోతున్న మెట్లను చూపుడువేలితో ఒకటొకటిగా లెక్కపెట్టింది. నాలుగు మెట్లను పోనిచ్చింది. అప్పుడు సీరియల్లో వానలో తడిసే తండ్రి గొంతుతో, అదే వణుకుతో, అదే విరుపుతో అంది:

"భయపడకు. నేనున్నాను."

ఇద్దరూ ఒక్క అడుగు వేశారు. మెట్టు వాళ్ళను ఎత్తుకుని పైకి తీసుకుపోయింది. అత్తమ్మ కళ్ళు మూసుకునే ఉంది. మా అమ్మాయి వెన్ను నిటారుగా ఉంది.

ఆ డైలాగు నేను ఎన్నిసార్లో విన్నాను. అంత ఏడ్చే ఆ నటుడి నోట అది నాకు ఎప్పుడూ నిజమనిపించలేదు. ఇప్పుడు అనిపించింది. సీరియల్ మాటలను అర్థం తెలియకుండా వల్లిస్తుందని నేను నలుగురితో చెప్పేవాణ్ణి. ఆ మాట ఏ మనిషికి, ఏ మెట్టు దగ్గర అవసరమో ఆమెకు తెలుసు. నేనలాగే నిలబడిపోయాను.

"సార్, ఎక్కితే ఎక్కండి, లేకపోతే జర పక్కకన్నా జరగండి," అన్నాడు వెనక ఒకాయన.

రెండో రైల్లో దుర్గం చెరువు దాటుతుంటే నీళ్ళ మీద ఎండ వాలింది. రాయదుర్గంలో దిగాక, అద్దాల గోడ దగ్గర వాళ్ళిద్దరూ నిలబడ్డారు. ఎదురుగా నా ఆఫీసు ఉన్న అంతస్తులు. కొత్తగూడలో పుట్టి పెరిగిన మా అత్తమ్మ ఇంత ఎత్తునుంచి ఈ జాగాను ఎప్పుడూ చూడలేదు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, నోరు తెరిచి చూస్తోంది.

"గిది ఆ గుట్టేనా? సీతాఫలాలకు వస్తుంటిమి గీడికి. ఓయమ్మ, గుట్ట ఏడికి వాయె?" అని తనలో తను అనుకుంటోంది.

రాయదుర్గం చేరాక మా అమ్మాయి ప్రతివారం చేసే పని ఒకటుంది. నా చొక్కా పైగుండీని వేలితో మూడుసార్లు తడుతుంది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు, అడిగినా చెప్పదు. అది కాకపోతే తిరుగురైలు ఎక్కదు. ఈ రోజు అమ్మమ్మ గాజులను తట్టింది. ఒకటి, రెండు, మూడు. అంతే, ఇక తిరుగు ప్రయాణం. నేను తల పక్కకు తిప్పుకున్నాను, వాళ్ళు ముందు పోయాక కదులుదామని.

చెప్పుల చప్పుడు నా దగ్గర ఆగింది. అమ్మాయి నా మొహం వైపు చూడలేదు. ఆమె చూపు నా భుజం పక్కనుంచి పట్టాల మీదికి పోతోంది. వేలు మాత్రం వచ్చి నా చొక్కా గుండీని తట్టింది. ఒక్కసారి. మరో రెండు తడుతుందని అలాగే ఉన్నాను. తట్టలేదు. తిరిగి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

సీరియల్లో అయితే ఇక్కడ పిల్లవాడు "నాన్నా!" అని పరుగెత్తుకొచ్చి కౌగలించుకుంటాడు. ఇక్కడ రైలు తలుపులు మూసుకునే ముందు మోగే బీప్ మోగింది, అంతే. ఒక్కసారి తట్టడంలో ఎంత నమ్మకం ఉందో, ఎంత లేదో, రెండూ నాకు అర్థమయ్యాయి. ఇంత పక్కాగా క్షమించడం నేనెక్కడా చూడలేదు. నాకెంత రావాలో అంతే ఇచ్చింది.

ఇంటికి వచ్చాక ఆమె బోర్డు ముందు నిలబడి మెట్రో బొమ్మ పీకబోతుంటే, నేను పక్కన నేల మీద కూర్చున్నాను. చేయి చాచి అడిగాను. కాసేపు ఆలోచించి ఇచ్చింది. ఆ బొమ్మను పొద్దున ఉన్న చోటే పెట్టాను. ఆమె చూస్తుండగా, పొద్దున ఏ చేత్తో తీశానో అదే చేత్తో తీశాను. నడిచి వెళ్ళి లాప్‌టాప్ బ్యాగులో పెట్టాను. జిప్ వేశాను. జిప్ మళ్ళీ తీసి, బొమ్మ పైకి తెచ్చి, నా చేతి మీద నేనే ఒక దెబ్బ వేసుకుని, బొమ్మను ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె నా చేతినే చూసింది. ఒక్క రెప్ప కూడా వేయలేదు. అప్పుడు బొమ్మను సంచీలో వేసి, "అయిపోయింది," అంది.

తర్వాత చార్టు చుట్ట విప్పాను. మూలలు ఎండి ముడుచుకుపోయాయి. అత్తమ్మ కత్తెర తెచ్చిచ్చింది. అరచేయంత పసుపు అట్టలు నాలుగు కత్తిరించి, వెనక అంటుకునే పట్టీలు వేశాను. బోర్డుకు నేను ఎక్కడా అంటించలేదు. నాలుగూ అమ్మాయి చేతికే ఇచ్చాను. ఇక ఈ ఇంట్లో ఏ బొమ్మ మారాలన్నా, ఆమె పసుపు అట్ట పెట్టాకే మారుతుంది. వాటిని ఒకదాని మీద ఒకటి అంచులు కలిపి పేర్చి, దిండు కింద పెట్టుకుంది.

ఆదివారాలు పదిన్నర నుంచి రెండింటి దాకా నేను దొరకనని ఆఫీసు క్యాలెండరులో రాసి, తొమ్మిదిమందికీ పంపాను. కారణం దగ్గర జ్వరమని, ఇంకోటని రాయలేదు. మా అమ్మాయితో మెట్రో ప్రయాణం అని రాశాను.

నా ఫొటో ఇంకా సంచీలోనే ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. లాప్‌టాప్ బ్యాగు ముందర అర ఖాళీ చేసి, జిప్ తెరిచే ఉంచి, ఏమీ దాచలేదని ఆమె ఎప్పుడైనా చేయి పెట్టి చూసుకునేలా బోర్డు పక్క మేకుకు తగిలించాను.